తెడ్డు పట్టుకుని చెప్పిన న్యాయశాస్త్రం

ఆ రోజుల్లో నాకు లోకంలో అన్యాయం ఎందుకుందో తెలుసు. డెబ్బయ్యేళ్ళు దాటిన ఇప్పుడు తెలియదు కానీ, ఇరవై నాలుగేళ్ళ వయసులో ఖచ్చితంగా తెలుసు. న్యాయం అంటే ఏమిటో జనానికి ఎవరూ సరిగ్గా వివరించి చెప్పకపోవడం వల్లే అన్యాయం జరుగుతోందని, ఆ చెప్పవలసిన మనిషి నేనేనని నా గట్టి నమ్మకం. పంతొమ్మిది వందల అరవై ప్రాంతం అది. మద్రాసులో లా చదువు ముగించుకుని, ఒక ఇనప ట్రంకు పెట్టె, ఎవరో సీనియరు విద్యార్థి వాడి వదిలేసిన నల్లకోటు, తలనిండా తెల్లవాళ్ళ సిద్ధాంతాలు మోసుకుని నెల్లూరు జిల్లాలో రైలు దిగాను. (కోటు నాకు బాగా వదులు. సిద్ధాంతాలు అంతకన్నా వదులని అప్పటికి తెలియదు.)

జ్యూరిస్‌ప్రుడెన్స్, అంటే న్యాయశాస్త్రం, అని ఒక పేపరు ఉండేది మాకు. నా తోటివాళ్ళు ఆ పుస్తకాన్ని పరీక్షకు మూడు రోజుల ముందు తెరిచి, పరీక్ష అయిన సాయంత్రమే మూసేసేవారు. నేను మాత్రం మేడ మీద అద్దెగదిలో కూర్చుని దాన్ని వచ్చిన ఉత్తరం చదువుకున్నట్టు మళ్ళీ మళ్ళీ చదివాను. అందులో ఒక్కో మహానుభావుడు ఒక్కో మాట చెప్పాడు. పాత రోము నగరపు వక్త ఒకాయన, అసలైన చట్టం మనుషులు కూర్చుని రాసేది కాదు, అది ప్రకృతిలోనే ఉంది, ఏ దేశం పోయినా ఒక్కటే అన్నాడు. ఇటలీ సన్యాసి ఒకాయన ఇంకా ముందుకు పోయి, న్యాయం లేని చట్టం అసలు చట్టమే కాదని తేల్చేశాడు. ఆ తరవాత ఇంగ్లీషు పెద్దమనిషి ఒకడు వచ్చి, మనుషుల్ని వాళ్ళ మానాన వదిలేస్తే ఒకరినొకరు పీక్కు తింటారు, ఆ భయంతోనే అందరూ తమ హక్కులన్నీ ఒక మహాబలవంతుడి చేతిలో పెట్టేశారు, ఆ బలవంతుడి పేరే రాజ్యం అన్నాడు. ఇంకొక ఇంగ్లీషాయన మరీ మొరటు. చట్టమంటే పైవాడి ఆజ్ఞ, వినకపోతే దెబ్బ, అంతే, అందులో న్యాయం ఉందా లేదా అని వెతకడం వేరే సంగతి అన్నాడు. ఈ చివరి ఇద్దరంటే నాకు ఒళ్ళు మంట. ఇటలీ సన్యాసి నా మనిషి. మాది మిషను కుటుంబం, నాన్న కోట అనే ఊరి దగ్గర మిషను బడిలో హెడ్మాస్టరు. ధర్మం ప్రతి మనిషి గుండెలోనూ ముందే రాసి ఉంటుందని ఆదివారం ఆదివారం వింటూ పెరిగినవాణ్ణి. అదే మాట లా పుస్తకంలోనూ కనబడేసరికి, దేవుడు, యూనివర్సిటీ ఇద్దరూ నా పక్షానే నిలబడ్డారనిపించింది. (మా చర్చిలో సన్యాసులకు చోటు లేదు. అందుకని ఆ సన్యాసి సంగతి నాన్నకు చెప్పలేదు.)

నేను జూనియరుగా చేరిన ప్లీడరు గారిని కోర్టంతా పాయింటు గారు అనేది. ఎవరు ఎంత ఏడుస్తూ వచ్చి ఏ కథ మొదలుపెట్టినా, ఆయన ముక్కుపొడుం పట్టు లాగి, "పాయింటేందయ్యా?" అనేవారు. కాలవ నీళ్ళ గొడవలు, గట్టు తగాదాలు, దత్తతల రచ్చలు ఆయన చేతిలో దూది పింజల్లా విడిపోయేవి. బుచ్చిరెడ్డిపాళెం నుంచి కూడా వడ్ల వ్యాపారులు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. చేరిన మొదటి వారంలోనే నేను ఆయనకు ప్రకృతి సహజమైన న్యాయం గురించి అరగంట చెప్పాను. ఆయన ఓపికగా విని, "బాగుండాదయ్యా. దానికి కోర్టు స్టాంపు ఎంత అంటించాల?" అన్నారు. పాపం, పెద్దాయన, కొత్త చదువు లేదు కదా అని జాలిపడ్డాను.

ఆదివారాలు ఇంటికి పోయేవాణ్ణి. అలా పోయిన ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చి అన్నానికి కూర్చోబోతుంటే పెరట్లో ఏడుపు వినిపించింది. రొయ్యలక్క. నా చిన్నప్పటి నుంచి మా ఇంటికి గంపలో రొయ్యలు తెచ్చిపోసే మనిషి. పులికాట్ సరస్సు ఉత్తరపు అంచున, వాకాడు దాటి ఇసకలో నడిచిపోవలసిన పల్లె వాళ్ళది. వానల్లో మొగుడు దగ్గు జబ్బుతో పోయాడని ముందే విన్నాం. ఇప్పుడు వచ్చిన ఏడుపు దానికి కాదు.

ఆ పల్లె కట్టుబాటు ముందు చెప్పాలి. సముద్రపు నీళ్ళు సరస్సులోకి వచ్చే దారిలో రొయ్య బాగా పడే చోట్లు మూడే మూడు. పల్లెలో వలలు అరవై. అందరూ ఒకేసారి దిగితే తలకాయలు పగులుతాయి కాబట్టి తాతల నాటి నుంచి వంతులు పెట్టుకున్నారు. ఏడాదికోసారి చీట్లు వేసి, ఏ రోజున ఏ చోట ఎవరి వల పడాలో పల్లె పెద్దలు తేలుస్తారు. ఆ పెద్దల్ని కాపులంటారు, ఆ వంతును పాడు అంటారు. పాడు ఉన్న ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, లేని ఇంట్లో వెలగదు. ఈ ఏడాది చీట్లలో రొయ్యలక్క ఇంటి పేరు లేదు. పాడు ఇంటి మగవాడికి చెందుతుంది, మగవాడు పోతే కొడుక్కి వస్తుంది, రొయ్యలక్కకు ఉన్నది ఇద్దరు ఆడపిల్లలు.

"పేరు కొట్టేసినారమ్మా" అంది అమ్మతో. "మొగోడు లేని ఇంటికి పాడేంది అన్నారు. రెండేళ్ళు ఆయన దగ్గుతా మూలన పడుంటే పడవ మీద పొయ్యి వల ఏసింది ఎవురు? నేను గదా. అప్పుడు నా చేతికి రొయ్య పళ్ళేదా?"

"ఇప్పుడేం చేస్తావే మరి?" అంది అమ్మ.

"ఏముండాది. పిల్లోళ్ళని ఎంటేసుకోని ఉప్పుమళ్ళకి పోవాల. ఆ నీళ్ళలో నాలుగు రోజులు నిలబడితే కాళ్ళు పుండ్లు పడతాయి. నాకంటే సరే, చిన్నదానికి ఎనిమిదేళ్ళమ్మా."

అమ్మ నా వైపు తిరిగింది. "మా అబ్బోడు లాయరు గదే. వాడొచ్చి మాట్లాడతాడులే, ఊరుకో" అంది. నా జీవితంలో నన్ను లాయరని ముందుగా పిలిచింది అమ్మే. ఆ పూట అన్నం సయించలేదు. ఆకలి లేక కాదు, నాలో వాదన మొదలైపోయింది. మజ్జిగన్నం కలుపుతూనే రోము వక్తను ఎక్కడ దించాలి, ఇటలీ సన్యాసిని ఎక్కడ ఎక్కించాలి అని లెక్క వేసుకుంటున్నాను.

తరవాతి వారం కాపుల సభ రోజున వాకాడులో బస్సు దిగి, నల్లకోటు తొడుక్కుని, ఇసకలో నడక సాగించాను. ఆ ఎండలో కోటెందుకు అని మీరడగవచ్చు. చట్టం నడిచి వస్తోందని పల్లెకు దూరం నుంచే తెలియాలని నా ఉద్దేశం. సగం దారిలో ఎదురొచ్చిన మేకల కాపరి నన్ను చూసి, రైలు టిక్కెట్ల ఇనస్పెక్టరుగా గుర్తించి, ఈ పక్క రైలు లేదు గదా అయ్యా అని విచారించి పోయాడు. పల్లె చేరేసరికి కోటులోపల చొక్కా, చొక్కాలోపల నేను, ఇద్దరమూ తడిసి ముద్దయి ఉన్నాం.

ఒడ్డున లాగి పెట్టిన పడవల పక్కన, తాటాకు పందిరి కింద మగవాళ్ళందరూ ఇసకలో కూర్చున్నారు. ఆడవాళ్ళు దూరంగా పడవల అవతల నిలబడ్డారు, వాళ్ళలో రొయ్యలక్క. పెద్దకాపు ముసలాయన, సన్నగా, ఎండు చేపలా ఉన్నాడు, గొంతు మాత్రం మెత్తన. నన్ను మర్యాదగా మధ్యలో నిలబెట్టి, "ఆయమ్మ తరపున మీరేనా మాట్లాడేది, లాయరయ్యా?" అని అడిగాడు. నేనే అన్నాను. అప్పుడాయన ఒక పాత తెడ్డు తెప్పించి నా చేతిలో పెట్టాడు. వచ్చినవాళ్ళకు పూలదండ వెయ్యడం లాంటి మర్యాద కాబోలు, పూలు దొరకని చోటు కదా అనుకుని రెండు చేతులా అందుకున్నాను. బరువుగానే ఉంది. కాసేపటికి ఉపన్యాసానికి అది ఎంత అనువైన వస్తువో అర్థమయింది. ముఖ్యమైన మాట వచ్చినప్పుడల్లా దాన్ని గాల్లోకి ఎత్తి ఊపవచ్చు.

ముప్పావు గంట మాట్లాడాను. రోము నుంచి మొదలుపెట్టి ఇటలీ మీదుగా పులికాట్‌కు వచ్చాను. మనుషులు రాసుకున్న కట్టుబాట్ల కన్నా పైన ఇంకొక కట్టుబాటు ఉందని, అది ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదని, పిల్లవాడి చేతిలో బొరుగులు లాక్కుంటే వాడు ఏడవడానికి ఏ చట్టం చదివాడని అడిగాను. రెండేళ్ళు వల వేసిన చేతిని ఆడచెయ్యి అని తీసెయ్యడం ఏ ప్రకృతిలో ఉంది, నీళ్ళకు తెలుసా, రొయ్యకు తెలుసా అన్నాను. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగా నా గొంతులోకి మా పాస్టరు గారి గొంతు వచ్చేసింది. అది నాకూ తెలుస్తోంది కానీ ఆపలేకపోయాను. చివరికి, "మీ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి, ఇది న్యాయమేనా?" అన్నాను. అరవై మందీ నిజంగానే గుండెల మీద చేతులు వేసుకున్నారు. ముందు వరసలో ఉన్న ముసలాయనొకడు, మిషను మీటింగులు చూసినవాడేమో, పక్కవాడితో "కానుకల సంచి ఎప్పుడు తిప్పుతారు?" అనడం వినబడింది.

పెద్దకాపు తలెత్తాడు. "మీరు చెప్పిన దాంట్లో ఒక్క మాట గూడా తప్పు లేదు, లాయరయ్యా. ఆయమ్మది న్యాయమే. మేం చేసిందే అన్యాయం" అన్నాడు. చుట్టూ ఉన్న తలలన్నీ ఊగాయి. న్యాయమే, న్యాయమే అన్నారు.

నా ఆనందం ఏమని చెప్పను. ఇటలీ సన్యాసి చెప్పింది చెప్పినట్టు జరిగింది, గుండెల్లో రాసి ఉన్నది బయటికి వచ్చేసింది. "మరైతే ఆమె పేరు చేర్చండి" అన్నాను.

"అది కుదరదు" అన్నాడు పెద్దకాపు అదే మెత్తని గొంతుతో.

నేను తెల్లబోయాను. అన్యాయం చేసేవాడు బుకాయిస్తాడు, కోప్పడతాడు, పారిపోతాడు అని చదివాను కానీ, అవును అన్యాయమే అని ఒప్పుకుని అలాగే కూర్చుంటాడని ఏ పుస్తకమూ చెప్పలేదు. ఎందుకు కుదరదు అన్నాను.

"మొగోళ్ళు లేని ఇళ్ళు ఇంకా ఏడుండాయి. ఈయమ్మకి ఇస్తే వాళ్ళు ఊరుకుంటారా? పోయిన యేడు పెళ్ళిళ్ళయిన కుర్రోళ్ళకే ఇంకా పేర్లు ఎక్కలా. ఉండేది మూడు చోట్లు. అందరికీ న్యాయం చేస్తే పాడు మిగలదయ్యా, తన్నుకు చస్తాం" అన్నాడు. (నాకు పడని ఆ మొదటి ఇంగ్లీషు పెద్దమనిషి మాటే ఇది. ఆయన లావుపాటి పుస్తకం రాసి చెప్పిందాన్ని ఈయన బీడీ వెలిగించుకుంటూ చెప్పాడు.)

కాపులు నలుగురూ తలకాయలు దగ్గర పెట్టి గుసగుసలాడుకున్నారు. పెద్దకాపు మళ్ళీ నా వైపు తిరిగాడు. "సరే, అంత దూరం నించి వచ్చినారు. ఒక పని చేస్తాం. ఆయమ్మ వంతు అట్నే ఉండనిస్తాం. ఆ రోజు ఆయమ్మ మరిది వల ఏస్తాడు. పడిన రొయ్యలో సగం ఆయమ్మది, బతికినన్నాళ్ళు. ఇట్టాంటిది మా పల్లెలో ఇంతవరకూ ఎవురికీ ఇయ్యలా" అన్నాడు.

ఇక్కడ నేను కాస్త ఆగి, ఇరవై నాలుగేళ్ళ ఆ కుర్రవాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టాలని ఇన్నేళ్ళూ ప్రయత్నిస్తూనే ఉన్నాను. వాడు ఆగడు. సగమా అన్నాను. సగం న్యాయం అనేది ఉంటుందా అన్నాను. హక్కు అంటే మొత్తం హక్కు, అందులో సగం ఇస్తే అది భిక్షం, భిక్షం మాకు వద్దు అన్నాను. ఆ 'వద్దు' దగ్గర తెడ్డును రెండు చేతులా ఎత్తి, ఇసకలోకి దిగబడేలా ఒక్క పోటు పొడిచి వదిలేశాను. మద్రాసు కాలేజీలో వాదన నేర్పడానికి పెట్టే ఏ మూట్ కోర్టులోనూ నాకంత మంచి ముగింపు కుదరలేదు.

మగవాళ్ళు ఒక్కొక్కరే లేచి పంచెలకున్న ఇసక దులుపుకున్నారు. సభ అంత తొందరగా ఎందుకు ముగిసిందో తెలియక, జవాబు ఏమిటని పెద్దకాపును అడిగాను. ఆయన తెడ్డు పెరికి ఇసక తుడిచాడు. "ఇంకేం జవాబు? మాట అయిపోయిందిగదా. మా కాడ ఆడోళ్ళు సభలో మాట్లాడరు. వాళ్ళ తరపున ఎవురు తెడ్డు పట్టుకుంటే వాళ్ళ మాటే ఆయమ్మ మాట. తెడ్డు దించిందాకా ఎన్ని మాటలైనా మార్చొచ్చు. దించినాక మార్చేదానికి లేదు. మీరు వద్దన్నారు. అంటే ఆయమ్మ వద్దనింది" అన్నాడు. ఆయన ముఖంలో ఎగతాళి లేదు. ఒకరకంగా దిగులే ఉంది.

రొయ్యలక్క నన్ను బస్సు రోడ్డు దాకా సాగనంపడానికి వచ్చింది. దారంతా నేను, ఇది అపజయం కాదని, పైన కోర్టు ఉందని, రాజ్యాంగం ఉందని చెబుతూ నడిచాను. ఆమె అన్నీ విని, "ఎండగా ఉండాది నాయనా. ఆ కోటన్నా ఇప్పు" అంది.

పాయింటు గారు కథ మొత్తం విని, మొదటిసారి పొడుం పట్టు లాగడం మరిచిపోయారు. "సగం ఇస్తామన్నారా? బతికినన్నాళ్ళా? పోయి ఆ ముసలాయన కాళ్ళు పట్టుకోని తెచ్చుకోపో" అన్నారు. తెడ్డు దించేశాను సార్ అన్నాను. ఆయనకు ఆ పల్లెల సంగతి తెలుసు. తల పట్టుకుని, "ఆయమ్మది న్యాయమేనయ్యా. ఎవురు కాదన్నారు? కానీ పాయింటు లేదు" అన్నారు. అయినా దావా వేస్తానన్నాను. నీ కర్మ అన్నారు.

దావా కాగితం రాయడం అంత తేలిక కాలేదు. భూమి తగాదా అయితే సర్వే నంబరు, నాలుగు హద్దులు రాయాలి. నీళ్ళకు సర్వే నంబరు లేదు. హద్దుల చోట నిజాయితీగా, తూర్పు నీళ్ళు, పడమర నీళ్ళు, ఉత్తరం నీళ్ళు, దక్షిణం నీళ్ళు అని రాసిచ్చాను. రెండు రోజులకు ఆఫీసు దాన్ని తిప్పి పంపింది. 'ఎవరి నీళ్ళు?' అని ఎర్ర సిరాతో ప్రశ్న. నేను రాత్రింబవళ్ళు తర్కించి, తాళలేక, ప్రభుత్వం వారి నీళ్ళు అని రాశాను. మళ్ళీ తిరిగొచ్చింది. ప్రభుత్వం వారి నీళ్ళయితే ప్రభుత్వాన్ని కూడా ప్రతివాదిగా చేర్చాలి, ప్రభుత్వం మీద దావా వెయ్యాలంటే రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. అప్పటికి వానలు వెనకబట్టి రొయ్య మొదలయింది. రెండు నెలలంటే ఆ కాలం మొత్తం. అలా నా చేతులతోనే మహాబలవంతుణ్ణి నిద్రలేపి సరస్సు ఒడ్డుకు పిలుచుకొచ్చాను.

రెండు నెలలకు ప్రభుత్వం వారి జవాబు వచ్చింది. అది నాలుగే వాక్యాలు. సరస్సు యావత్తూ ప్రభుత్వానిది, అందులో ఫలానా చోటు ఫలానావారిదనే హక్కు ఆ స్త్రీకే కాదు, పల్లెలో ఎవరికీ లేదు, వంతుల జాబితా అనేదాన్ని ప్రభుత్వం ఎరగదు, చేపలు పట్టుకోనివ్వడం ప్రభుత్వం వారి దయ. నాకు ఒళ్ళు మంటగా ఉండే ఆ రెండో ఇంగ్లీషాయన, ఆజ్ఞ తప్ప న్యాయం మాటెత్తనివాడు, స్వయంగా కూర్చుని రాసినట్టుంది. ఆ జవాబు నకలు కాపులకూ చేరింది.

పల్లె భయపడింది. భయపడినవాళ్ళు చేసే పనే చేసింది. పల్లె గొడవను కాపుల అనుమతి లేకుండా బయటికి తీసుకుపోయినందుకు రొయ్యలక్క మీద దురాయి వేశారు. దురాయి అంటే కాపుల ఆన. అది పడినవాళ్ళకు పల్లెలో ఎవరూ నిప్పు ఇవ్వరు, నీళ్ళు ఇవ్వరు, పలకరించరు, గంప ఎత్తి నెత్తిన పెట్టరు. చట్టమంటే పైవాడి ఆజ్ఞ, వినకపోతే దెబ్బ అన్న మాట కోసం నేను మద్రాసు దాకా పోయి చదవవలసిన అవసరం లేదు, వాకాడులో బస్సు దిగి నడిస్తే సరిపోయేది. ఆమె మరిది కూడా, సగం రొయ్య ఇవ్వవలసినవాడు, మొహం తిప్పుకుని పోయేవాడట. పిల్లలు ఇద్దరూ ఆడుకోవడానికి ఎవరూ లేక గుడిసెలోనే కూర్చునేవారని రొయ్యలక్క అమ్మకు చెప్పింది. అమ్మ నాకు చెప్పింది. ఆ రాత్రి మొదటిసారి నేను ఎంత పెద్ద పని చేశానో నాకు తెలిసింది.

చివరికి కేసు విచారణకు వచ్చింది. జడ్జి గారు కళ్ళద్దాల పెద్దమనిషి, మంచివాడు. (ఈ కథలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. నా బాధంతా అదే.) ఆయన కాగితాలన్నీ శ్రద్ధగా చదివి, "న్యాయం మీ క్లయింటు వైపే కనిపిస్తోంది. ఏ చట్టం కింద అడుగుతున్నారు?" అన్నారు.

"ప్రకృతి సహజ న్యాయం కింద, యువరానర్" అన్నాను.

"అది గెజిట్‌లో ఎప్పుడు వచ్చింది?"

కోర్టులో నవ్వులు. నేను వెనక్కి తగ్గకుండా ఇటలీ సన్యాసి మాట చెప్పాను. ఆయన నొప్పించకుండానే, ఆ సన్యాసి గారిని సాక్షిగా పిలిపించగలరా అని అడిగారు. ఆయన కాలం చేసి ఏడు వందల ఏళ్ళు కావొస్తోందని చెప్పవలసి వచ్చింది. నా వెనక కుర్చీలో పాయింటు గారు పొడుం డబ్బా తెరిచిన చప్పుడు వినబడింది, ఎంతసేపటికీ పీల్చిన చప్పుడు మాత్రం రాలేదు. దావా కొట్టేశారు. కొట్టేశాక జడ్జి గారు రొయ్యలక్క వైపు చూసి, "న్యాయం నీదేనమ్మా. కానీ నా చేతిలో ఏమీ లేదు" అన్నారు.

కోర్టు మెట్ల మీద ఆమె ఆగింది. ఏడవలేదు. "పెద్దకాపు న్యాయం నాదే అన్నాడు. మీ పెద్ద లాయరు గూడా నాదే అన్నాడు. ఈ కళ్ళద్దాలాయనా నాదే అన్నాడు. అందరూ నాదే అంటా ఉండారు గదా నాయనా. మరి అది ఎవురి కాడ ఉండాది?" అంది. దెప్పడం కాదు. నాకు తెలిసుంటుందని నిజంగానే అడిగింది. జ్యూరిస్‌ప్రుడెన్స్ పేపరులో నాకు కాలేజీ మొత్తానికి ఫస్టు మార్కు. నేను గడియారం చూసుకుని, బస్సుకు టైమయింది అక్కా, పద అన్నాను.

నెల తిరక్కుండా రొయ్యలక్క పిల్లలిద్దర్నీ తీసుకుని ఉప్పుమళ్ళకు పోయింది. అమ్మ నన్ను తిట్టినా బాగుండేది. మా ఇంట్లో రొయ్యలు వండడం మానేసింది, నన్ను లాయరని పిలవడమూ మానేసింది. నేను పొద్దున్నే కోర్టుకు పోయి, సాయంత్రం వచ్చి, ట్రంకు పెట్టె లోంచి ఆ పుస్తకం తియ్యకుండా రోజులు గడిపాను. కాపుల మీద కోపం తెచ్చుకుందామంటే, వాళ్ళు సగం ఇస్తామన్నారు. ప్రభుత్వం మీద తెచ్చుకుందామంటే, దాన్ని పిలిచింది నేను. ఎటు తిరిగి ఎటు వచ్చినా తెడ్డు నా చేతిలోనే ఉంది.

ఏడాది తరవాత ధైర్యం చేసి రొయ్యలక్కను చూడ్డానికి పోయాను. కోటు వేసుకోలేదు. తెల్లటి ఎండలో, మడమ లోతు ఉప్పునీళ్ళలో నిలబడి, పొడుగు కర్రకు బిగించిన చెక్క పలకతో ఉప్పు లాగుతోంది. కొంచెం అవతల పిల్లలిద్దరూ అదే పని చేస్తున్నారు. చిన్నదాని కాళ్ళకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. నన్ను చూసి రొయ్యలక్క నవ్వి, గట్టు మీదికి వచ్చి, అమ్మ బాగుండాదా అని అడిగింది. నేను చెప్పదలుచుకున్నది చెప్పేశాను. "ఆ రోజు నిన్ను అడగాల్సింది అక్కా. సగం చాలా అని ఒక్క మాట అడిగి ఉంటే అయిపొయ్యేది."

"చాలు అనేదాన్ని" అంది.

"మరి ఎందుకు ఆపలేదు? సభలో మాట్లాడకూడదు, సరే. అక్కడి నించి ఒక్క సైగ చేసినా చూసేవాణ్ణి గదా." నిజానికి ఆ వైపు నేను ఒక్కసారి కూడా తిరగలేదు. అది తెలిసే అడిగాను. ఆమె సైగ చేసిందని, నేనే చూడలేదని అనిపించుకుని, తిట్టు తినాలని వచ్చినవాణ్ణి.

ఆమె పలక కర్ర మీద ఆనుకుంది. "ఆపుదామనే అనుకున్నా నాయనా. కానీ నువ్వు మాట్లాడతా ఉండావు. యాడాడి దేశాలో చెప్పినావు, రాజులన్నావు, దేవుడన్నావు, అంతా నా గురించే. నా పెళ్ళప్పుడు గూడా నా గురించి ఎవురూ అంతసేపు మాట్లాడలా. బాగుండాదే అని, ఇంకాసేపు ఇందామని నిలబడిపోయినా. అంతలోకే నువ్వు తెడ్డు దించేస్తివి" అంది.

ఆ తరవాత ముప్పయ్యేళ్ళకు పైగా ప్రాక్టీసు చేశాను. బాగా వాదిస్తాడన్న పేరు నాకు ఎప్పుడూ రాలేదు, రానివ్వలేదు. ఇప్పుడు పడక కుర్చీలో కూర్చుని తలుచుకుంటే, ఆ పందిరి కింద చెమటలు కక్కుతూ, రోము నగరాన్ని పులికాట్‌కు మోసుకొచ్చిన ఆ కుర్రవాడి మీద నవ్వే వస్తుంది, కొంచెం ముద్దు కూడా వస్తుంది. అంత బాగా మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు వాడు. ఆ ఒక్క పూట వాడికి గొంతు పట్టేసి ఉంటే ఆ చిన్నపిల్ల కాళ్ళు బాగుండేవి.